రెండు గంటల ఎండలో నాలుగు బండలు

నేను గల్ఫ్‌కి వచ్చి పదిహేడేళ్ళు. మొదట టైల్స్ మేస్త్రి దగ్గర హెల్పర్ని, తర్వాత నేనే మేస్త్రిని, ఇప్పుడు ఫోర్‌మన్ని. విల్లాల్లో స్విమ్మింగ్ పూల్ కట్టడం మా కంపెనీ పని. ఎన్ని పూల్స్ చుట్టూ బండలు పరిచామో లెక్క చెప్పలేను గానీ, వాటి మీద ఉత్త కాళ్ళతో నిలబడింది మాత్రం ఒక్కసారే. సైటులో సేఫ్టీ షూ విప్పితే ఫైన్. పనంతా అయి, పూల్‌లో నీళ్ళు నింపి వచ్చేశాక మళ్ళీ ఆ గేటు దాటే అవసరం ఉండదు. పాదాల కోసం చేసే పని ఇది. అది పాదానికి ఎలా ఉంటుందో చేసినవాడికే తెలియదు.

ఆ ఒక్కసారి అల్ ఐన్‌లో. అల్ ఐన్ అంటే దుబాయిలా సముద్రం పక్కన ఉండే ఊరు కాదు. ఒమన్ సరిహద్దును ఆనుకుని, హఫీత్ కొండ కింద ఉంటుంది. దుబాయిలో చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, ఇక్కడ చెమట పట్టిన సంగతి కూడా తెలియకుండా ఆరిపోతుంది. ఎండ మాత్రం అడ్డు లేకుండా దిగుతుంది. అటువైపే ఉన్న స్వైహాన్‌లో 2025 మే 24న 51.6 డిగ్రీలు నమోదైంది. అది నీడలో కొలిచే గాలి వేడి. ఎండలో పరిచిన రాయి సంగతి వేరే.

విల్లా యజమాని అక్కడి అరబ్బు. మేం అర్బాబ్ అంటాం. ఆయనకు ఉర్దూ బాగానే వచ్చు. పూల్ గుంత, కాంక్రీటు, వాటర్‌ప్రూఫింగ్ అన్నీ అయ్యాయి. ఇక చుట్టూ గట్టు మీద ఏం పరవాలన్నది మిగిలింది. ఒకరోజు సాయంత్రం కారు డిక్కీలోంచి అడుగున్నర చదరం ముక్క ఒకటి తీసి, "సదీక్, ఇది చూడు. మీ ఇండియా రాయే. మేడమ్‌కి బాగా నచ్చింది" అన్నాడు. సదీక్ అంటే అరబీలో స్నేహితుడు.

నాకు చూడగానే తెలిసిపోయింది. టాన్ బ్రౌన్ గ్రానైట్. నలుపులో ఎర్రమట్టి రంగు మచ్చలు. మాది కరీంనగర్ జిల్లా, గంగాధర వైపు. బడికి పోయే రోజుల్లో ఈ రాతి దిమ్మలు వేసుకుని లారీలు వస్తుంటే రోడ్డు దిగి, దుమ్ము తగ్గేదాకా ముక్కు మూసుకుని నిలబడేవాళ్ళం. ఒక్కో లారీలో రెండో మూడో దిమ్మలు, అంతే. అంత బరువు. మేం ఎక్కి ఆడుకున్న గుట్ట ఒకటి ఇప్పుడు సగమే ఉంది. ఆ మిగతా సగం ఎటు పోయిందో అనుకునేవాణ్ణి. షోరూంలో దీపాల కింద అద్దంలా పాలిష్ పెట్టి చదరపు మీటర్ల లెక్కన అమ్ముతున్నారన్నమాట. మా ఊరి రాయి అని అర్బాబ్‌కి చెప్పాను. చెబుతుంటే కొంచెం గర్వంగానే అనిపించింది. అబద్ధం ఎందుకు?

ఆయన భుజం తట్టి, "అయితే ఇంకేం, మీ ఊరి రాయి నువ్వే పరుచు" అన్నాడు.

అక్కడే వచ్చింది టెన్షన్. వద్దని చెప్పాలి. ముదురు రంగు రాయి ఎండను తాగేస్తుంది. పాలిష్ గ్రానైట్ మీద నీళ్ళు పడితే పిల్లలు పరిగెత్తిన చోటల్లా జారి పడతారు. అది ఇంట్లో నేలకు, వంటగట్టుకు, శ్మశానంలో ఫలకాలకు పనికొచ్చే రాయి. పూల్ పక్కన కాదు. ఈ మాటలు ఏసీ కారు పక్కన నిలబడి, సాయంత్రం ఆరున్నరకు చెబితే ఎవరికి ఎక్కుతాయి? రాయి చేతికి చల్లగానే ఉంది కదా అంటారు. షోరూంలో రాయిని ఎంచుకునేవాళ్ళంతా చేసే పొరపాటు ఇదే. చేత్తో తడుముతారు, కంటితో చూస్తారు, రాత్రి పూట లైట్లలో ఎలా ఉంటుందో ఊహించుకుంటారు. పాదం సంగతి ఎవరికీ గుర్తు రాదు.

"అర్బాబ్, రేపు మధ్యాహ్నం రెండింటికి ఒక్క పది నిమిషాలు రండి" అన్నాను.

పొద్దున్నే నాలుగు ముక్కలు పూల్ పక్కన ఎండలో వరసగా పెట్టించాను. ఒకటి ఆ టాన్ బ్రౌన్. రెండోది బూడిద రంగు పోర్సలిన్, అంటే మట్టిని బాగా కాల్చి చేసే గట్టి టైల్, బయట వేసే ఇరవై మిల్లీమీటర్ల మందం పలక. మూడోది డబ్ల్యూపీసీ, అంటే చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి పోసిన పలక. చూడటానికి టేకు చెక్కలా ఉంటుంది. నాలుగోది ట్రావర్టైన్, క్రీమ్ రంగు, అంచులు అరగదీసింది. అది టర్కీ నుంచి వచ్చే సున్నపురాయి జాతి రాయి, ఒళ్ళంతా చిన్న చిన్న బొక్కలుంటాయి.

అది జూలై. ఇక్కడ ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. పట్టుబడితే ఒక్కో మనిషికి 5,000 దిర్హాముల చొప్పున కంపెనీకి జరిమానా. అందుకే మావాళ్ళంతా రెస్ట్ షెడ్డులో కూలర్ ముందు పడుకుని ఉన్నారు. నేను బయట నిలబడితే అదీ పనేనేమో అని ఒక్క నిమిషం అనుమానం వచ్చింది. నిలబడటం పని కాదులే అని సర్ది చెప్పుకున్నాను.

అర్బాబ్ వచ్చాడు, వెంట ఏడెనిమిదేళ్ళ కొడుకు. చెప్పులు విప్పమన్నాను. నాకేసి చూసి, "ముందు నువ్వు" అన్నాడు. షూ విప్పాను, సాక్సు విప్పాను. షెడ్డులోంచి మావాళ్ళు లేచి కూర్చున్నారు.

ట్రావర్టైన్ మీద వేడి తెలుస్తోంది, కానీ నిలబడగలిగాను. పోర్సలిన్ మీద మనసులో ఐదు లెక్కపెట్టేసరికి పాదం దానంతటదే లేచింది. డబ్ల్యూపీసీ మీద మడమ ఆనించలేదు, మునివేళ్ళ మీదే దాటేశాను. ఇక టాన్ బ్రౌన్. కాలు పెట్టాను అనడం కంటే తగిలించాను అంటే నిజం. చురుక్కున అంటుకుని, ఒంటికాలి మీద గెంతి ట్రావర్టైన్ మీదకు వచ్చి పడ్డాను.

షెడ్డులో ఒకటే నవ్వు. నిర్మల్ వైపు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రి ఉన్నాడు, అందరం కాకా అంటాం. అక్కడ్నుంచే అరిచాడు: "కొడుకా, మనూరి రాయి మనోన్నే కాల్చె గదరా!"

టెంపరేచర్ గన్ పెట్టి చూపించాను. నల్లది డెబ్బై దాటింది, క్రీమ్‌ది యాభైల్లో ఉంది. అర్బాబ్ ఆ అంకెలు పెద్దగా పట్టించుకోలేదు. ఆయన కొడుకు అప్పటికే చెప్పులు వదిలేసి ట్రావర్టైన్ మీద నిలబడ్డాడు. పక్క ముక్క మీదికి పోబోతుంటే అర్బాబే వాడి రెక్క పట్టుకుని లాగాడు. నా లెక్కలో బేరం అక్కడే తెగింది.

రంగొక్కటే కాదు ఇందులో సంగతి. ఎండలో నిలిపిన సైకిల్ హ్యాండిల్ ఇనుము పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, దాని రబ్బరు పిడి అంత కాలదు. రెండూ అదే ఎండలో ఉన్నాయి. వేడిని ఎంత తొందరగా మన చర్మంలోకి దింపుతుందన్నదే తేడా. గ్రానైట్, పోర్సలిన్ గట్టిగా, సందు లేకుండా ఉంటాయి, వేడి గబగబా దిగుతుంది. ట్రావర్టైన్ లోపల గాలి బొక్కలుంటాయి కాబట్టి నెమ్మదిగా దిగుతుంది. డబ్ల్యూపీసీని మాత్రం చెక్క అనుకుని మోసపోతారు. ముదురు రంగుది ఈ ఎండకు విపరీతంగా కాగుతుంది, పైగా పొడవు పెరిగి వంగుతుంది. కృత్రిమ గడ్డి ఇంకా అన్యాయం, పచ్చగా కనబడుతుందే గానీ పెనం.

అలాగని తెల్లగా ఉన్నదల్లా వెయ్యకూడదు. తళతళలాడే తెలుపు వేస్తే మధ్యాహ్నం కళ్ళు తెరవలేం. ఇసుక గాలి వచ్చిన ప్రతిసారీ మరక కనబడుతుంది. క్రీమ్, లేత ఇసుక రంగు అయితే వచ్చే దుమ్మూ అదే రంగు కదా, కలిసిపోతుంది.

మేడమ్ మాత్రం రెండు రోజులు ఒప్పుకోలేదు. "బొక్కలున్నాయి, పాత రాయిలా ఉంది" అని. పోర్సలిన్‌లోనే అచ్చం ట్రావర్టైన్ డిజైను ఉందని సేల్స్‌మన్ ఎవరో చెప్పాడట, జారదు, ఆర్ 11 అన్నాడట. ఈ ఆర్ 11 గొడవ నాకు చాలా ఏళ్ళు తెలియదు. అది బూట్లేసుకుని, నూనె పోసిన ఏటవాలు మీద నడిపించి చేసే పరీక్ష. తడి పాదాల పరీక్ష వేరే, దానికి ఏ, బీ, సీ అని గ్రేడ్లు, సీ అన్నిటికన్నా మేలు. పూల్ గట్టుకు అడగాల్సింది ఆ రెండోది, బీ అయినా ఉండాలి. న్యాయంగా చెప్పాలంటే పోర్సలిన్‌కీ మంచి గుణాలున్నాయి. నీళ్ళు పీల్చదు, ఉప్పు పట్టదు, మరకలు పడవు. ఉప్పు నీటి పూల్ అయితే ట్రావర్టైన్ వెయ్యడానికి నేనూ ఆలోచిస్తాను. చిందిన నీళ్ళు ఆరిపోయి, ఉప్పు బొక్కల్లో గడ్డకట్టి, పొరలు పొరలుగా ఊడుతుంది. ఇది మామూలు క్లోరిన్ పూల్. పూల్ సగం మీద నీడ ఉంటే లేత పోర్సలిన్‌కే సరే అనేవాణ్ణి. ఇక్కడ చెట్టు లేదు, పందిరి లేదు.

ట్రావర్టైన్‌ని చెడగొట్టేది ఇంకోటుంది, అది నా చేతులతో జరిగింది. మేస్త్రిగా కొత్తలో, షార్జాలో ఒక విల్లా. బండలు పరిచాక పైన సిమెంటు పాలు తెల్లగా చారలు కట్టాయి. మన దగ్గర గ్రానైట్ మెట్లు, టైల్స్ యాసిడ్ నీళ్ళతోనే కదా కడిగేది. బకెట్లో కలిపి పోశాను. సోడా కొట్టినట్టు బుస్సుమని పొంగింది. చీపురు పెట్టి రుద్దుతున్న హెల్పర్, "అన్నా, ఇది తింటున్నది" అన్నాడు. సున్నపురాయిని యాసిడ్ నిజంగానే తింటుంది. నలభై చదరపు మీటర్లు గరుకు తేలి, మొహం మీద మశూచి పడ్డట్టయింది. మళ్ళీ పీకి వేశాం. మూడు నెలలు జీతంలో కోత. ఇప్పుడు పూల్ మనిషికి కూడా చెప్పి వస్తాను, యాసిడ్ డబ్బా బండల మీద పెట్టొద్దని. నీళ్ళ పీహెచ్ తగ్గించడానికి వాళ్ళు పోసేది అదే యాసిడ్.

చివరికి ట్రావర్టైనే. మేడమ్‌ని ఒప్పించింది నేను కాదు, ఆ పిల్లాడు.

పని తెల్లవారుజామున ఐదింటికి మొదలు. ఎనిమిది దాటితే బండలు అతికించే గమ్ము పరిచిన రెండు నిమిషాలకే పైన పొర కట్టేస్తుంది. దాని మీద పెట్టిన బండ పట్టినట్టే ఉంటుంది, మూడు నెలలకు కొడితే డొల్ల మోగుతుంది. అందుకని పైన గ్రీన్ నెట్ కట్టించాం, బండల పేర్పును ముందు రోజే నీడలోకి మార్చాం. గమ్ము తెల్లది వాడాం, బూడిద రంగుది అయితే లేత రాయిలోంచి నీడలా కనబడుతుంది. మీటరుకు సెంటీమీటరున్నర వాలు, అదీ పూల్‌కి ఎదురు దిక్కుకు. పూల్ అంచున పెట్టే కోపింగ్ రాయికీ గట్టుకూ మధ్య సందు వదిలి, రబ్బరులా సాగే సీలెంట్ నింపాం. ఎండకు బండలన్నీ పెరుగుతాయి. ఆ సందు లేకపోతే నెట్టుకుని ఏదో ఒకటి లేస్తుంది. కాకా మోకాళ్ళ మీద రోజుకు పదిహేను చదరపు మీటర్లు పరిచేవాడు. తన మోకాలి ప్యాడ్లు రెండూ రెండు రకాలు.

మా ఇంటి ముందర షాబాదు బండలు. మే నెలలో స్నానాల గదికి పోవాలంటే మునివేళ్ళ మీద ఉరికేవాళ్ళం. సాయంత్రం అమ్మ బక్కెట్లతో నీళ్ళు చల్లేది, బండల మీంచి ఆవిరి లేచేది. ఆ ఆవిరి వాసన అర్బాబ్ ఇంట్లో చివరి రోజు వచ్చింది, పైపుతో గట్టు కడిగినప్పుడు. ఫోన్ చేసి చెబితే, "ఇప్పుడు కూలరొచ్చింది, ఎవలు చల్లుతున్నరు బిడ్డా" అంది.

టాన్ బ్రౌన్‌ని అర్బాబ్ వదల్లేదు. వెనక బార్బెక్యూ దగ్గర కట్టిన వంటగట్టు మీద, రేకు నీడలో వేయించుకున్నాడు. అక్కడ బాగుంది, చక్కగా మెరుస్తోంది.

శాంపిల్ ముక్క మాత్రం మిగిలిపోయింది. వ్యానులో మా క్యాంపుకి వచ్చింది. ఇప్పుడు కాకా మంచం కింద ఉంటుంది. శుక్రవారాలు బయటికి తీసి, తుడిచి, పిండి చల్లి దాని మీద చపాతీలు ఒత్తుతాడు. గదిలో ఏసీకి చల్లగా ఉంటుందని, పిండి అంటుకోదని ఒకటే మెచ్చుకోలు.