సీలు వేసిన కవరు

చిన్నాడి ట్రాన్స్‌క్రిప్ట్స్, అదే యూనివర్సిటీ ఇచ్చే మార్కుల కాగితాలు, ఇవాళ ఫారిన్‌కి పంపేశాను. ఒక్క ముక్కలో రాసేశాను గానీ, రాత్రి పదకొండు దాటినా ఆ పంపే కౌంటర్ దగ్గరి చిరాకు దిగలేదు.

యూనివర్సిటీ వాళ్ళు కవరు అంటించి, అతుకు మీద సంతకం పెట్టి, ఆ సంతకం మీద ముద్ర కొట్టి ఇచ్చారు. అది చిరిగిందా, అక్కడ చెల్లదు. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఫీజు, మళ్ళీ వీడి టెన్షన్. కౌంటర్‌లో కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "లోపలేముందో చూడాలి మేడమ్, ఫారిన్ కదా" అన్నాడు. మార్కుల కాగితాలు నాయనా, తెరవకూడదు, మీదే రాసుంది చూడు అన్నాను. "మళ్ళీ టేప్ వేసిచ్చేస్తాం మేడమ్" అన్నాడు. టేపట! వెనక క్యూలో ఒక పెద్దాయన "చూసుకోనివ్వండమ్మా, మనం దాచేదేముంది" అని సలహా. దాచేది ఉందని నేనన్నానా? చివరికి భోజనానికెళ్ళిన సీనియర్ ఎవరో వచ్చి, కవరు చూసి, ఫారం మీద 'డాక్యుమెంట్స్' అని గీకి, అర నిమిషంలో తేల్చేశారు. ఆయన భోజనం ఇంకో గంట పట్టుంటే? ఇంటికొచ్చి చెబితే మా వారు "పనైందిగా" అన్నారు. ఆయన సంగతి మీకు తెలుసు.

ఎంబసీ వాళ్ళ సంచీని ఏ దేశంలోనూ కస్టమ్స్ వాళ్ళు తెరవకూడదు. 1961 వియన్నా ఒప్పందంలో ఆ మాట రాసి పెట్టుకున్నారు. ఎంబసీ సంచీకి ఉన్న గౌరవం మా వాడి మార్కులకి లేదు, అదీ నా కడుపుమంట.

ఆ సంచీ మాటతో కోఠీ కాలేజీ గుర్తొచ్చింది. నేను చదువుకున్న రోజుల్లో మా హిస్టరీ మేడమ్ ఎండ తగ్గాక క్లాసు ఎత్తేసి దర్బారు హాల్లోకి తీసుకెళ్ళేవారు. పావురాల రెట్టల మధ్య ఎక్కడ శుభ్రంగా ఉంటే అక్కడ కూర్చునేవాళ్ళం. మేం పునుగుల గురించి ఆలోచిస్తుంటే ఆవిడ ఖరీతాల గురించి చెప్పేవారు. ఆ భవనం కాలేజీ కాకముందు బ్రిటిష్ రెసిడెన్సీ. ఈస్టిండియా కంపెనీ తరఫున నిజాం దగ్గరుండే ప్రతినిధి, అంటే రెసిడెంటు, కూర్చునే చోటు. 1800 ఒప్పందం తర్వాత నిజాం బయటి రాజ్యాలతో కంపెనీకి తెలియకుండా ఏ వ్యవహారమూ నడపడానికి లేదు. గవర్నర్ జనరల్‌కి చెప్పాలన్నా రెసిడెంటు ద్వారానే. బంగారం పొడి చల్లిన కాగితం మీద ఫారసీలో రాయించి, జరీ సంచీలో పెట్టి, ముద్ర వేసి పంపేవారు. అదే ఖరీతా. అంత దర్జా సంచీ, వెళ్ళాల్సింది మాత్రం నిఘా పెట్టినవాడి చేతుల మీదుగానే.

ఆ భవనం కట్టించిన రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, హైదరాబాద్ అమ్మాయి ఖైరున్నిసాల పెళ్ళి కథ హైదరాబాద్ వాళ్ళందరికీ తెలిసిందే. మేడమ్ ఆ ప్రేమ కథ రెండు ముక్కల్లో ముగించి పిల్లల దగ్గర ఆగిపోయేవారు. 1805లో కొడుకునీ కూతుర్నీ మద్రాసులో ఓడెక్కించి ఇంగ్లండ్ పంపేశారు. కూతురికి అప్పుడు మూడేళ్ళు. నూరున్నిసా కాస్తా అక్కడ కిట్టీ అయింది. ఆ ఏడాదే తండ్రి కలకత్తాలో పోయాడు. 1813లో తల్లీ పోయింది. ఇక్కడ మిగిలింది అమ్మమ్మ షరఫున్నిసా. ముప్పై ఏళ్ళు పైబడి ఇటు నుంచి అటు గానీ అటు నుంచి ఇటు గానీ ఉత్తరం లేదు. 1841లో, రెసిడెన్సీలో అసిస్టెంటుగా ఉన్న డంకన్ మాల్కం మధ్యవర్తిగా, ఉత్తరాలు మొదలయ్యాయి. ఇంగ్లండ్‌లో టోర్కీ అనే ఊళ్ళో కూర్చుని మనవరాలు ఇంగ్లీషులో రాస్తుంది. ఇక్కడ అమ్మమ్మ చెబుతుంటే లేఖకుడు బంగారు పొడి కాగితం మీద ఫారసీలో రాస్తాడు, జరీ సంచీలో పెట్టి సీలు చేస్తారు. నిజాం గవర్నర్ జనరల్‌కి రాసినట్టే, అమ్మమ్మ మనవరాలికి ఖరీతా!

ఆడపిల్లలం, ఏడవమా? నేనైతే ఏడ్చాను. అప్పుడు వెనక నుంచి ఎవరో, "మేడమ్, కిట్టీకి ఫారసీ వచ్చా?" అని అడిగింది.

రాదు. అమ్మమ్మకి ఇంగ్లీషూ రాదు. అంటే అంత సీలు వేసినా అటొకరు, ఇటొకరు చదివి వినిపించాల్సిందే. కిట్టీ అమ్మ గురించి ఏం అడిగిందో, ముసలావిడ ఏం చెప్పుకుందో, లేఖకుడికీ తర్జుమా చేసినవాడికీ ముందే తెలుసు. రాస్తూ రాస్తూ ఉంటే నా కోపం ఎటో జారిపోతోంది. సీలు ఎవరి గుట్టు దాచింది గనక? మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ నుంచి మన సిపాయిలు రాసిన ఉత్తరాలూ అంతే. సెన్సారు ఆఫీసు కూర్చుని చదివేది. అందుకే వాళ్ళు నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారు అని రాసుకునేవారు. నల్లవంటే మనవాళ్ళు, ఎర్రవంటే తెల్లదొరలు. సెన్సారుకి అదీ అర్థమైపోయింది పాపం.

లేదులెండి, కోపం పోలేదు. చోటు మారింది. చదివితే చదివారు, కిట్టీ ఉత్తరం చేరింది కదా. ఓడలు ఆఫ్రికా చుట్టి ఐదారు నెలలకి వచ్చే రోజులు పోయి, సూయెజ్ దాకా ఓడలో, అక్కణ్ణుంచి ఎడారి దాటి అలెగ్జాండ్రియా, మళ్ళీ ఓడ, అలా నెలన్నర రెండు నెలల్లో అందే కాలం అప్పటికి వచ్చేసింది. నన్ను గుచ్చేది మాల్కం. రెసిడెన్సీలో తెలిసినవాడు ఉండబట్టి కదా అమ్మమ్మకి మనవరాలు దొరికింది! 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకి వెళ్ళిన వాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు. వాళ్ళ అమ్మమ్మలకి ఏ మాల్కం ఉన్నాడు? ఇవాళ భోజనం ముగించి ఆ సీనియర్ రాకపోతే నాకూ ఎవరూ లేరు.

పైరవీ లేకుండా ఉత్తరం వెళ్ళాలి, అంతే నాకు కావాల్సింది. ఆ పని కొంతైనా చేసినవాడు గవర్నర్ జనరల్ డల్హౌసీ. 1854లో దేశంలో ఎంత దూరమైనా పావు తులం బరువు దాకా అర్ధణా అన్నాడు. అంతకుముందు దూరాన్ని బట్టి వసూలు, పెద్ద దొరలకేమో ఉచితం. ఏడాది ముందే నిజాం దగ్గర బేరార్ ప్రాంతం లాక్కున్న మనిషిని మెచ్చుకోవాల్సి రావడం నాకేం సరదా కాదు. పైగా ఆ అర్ధణా సుఖమైనా మన హైదరాబాద్ సంస్థానం వాళ్ళకి నేరుగా దక్కిందా? 1869లో నిజాం సొంత స్టాంపులు వేశాడు, కానీ అవి సంస్థానం లోపలే చెల్లేవి. పొలిమేర దాటాలంటే తెల్లవాళ్ళ స్టాంపు వేరే కొనాల్సిందే.