నాన్నను ఇండీ డ్రాగ్ రేసులకు తీసుకెళ్తున్నాను

ఈసారి లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) వీకెండ్‌కి ఇండియానాపోలిస్ వెళ్తున్నాం, యూఎస్ నేషనల్స్ డ్రాగ్ రేసులు చూడటానికి. అమ్మానాన్నలు అక్టోబర్ దాకా ఇక్కడ కొలంబస్‌లో మా దగ్గరే ఉంటారు. అమెరికా వచ్చిన పెద్దవాళ్లకు నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్ చూపించి పంపడం అందరూ చేసేదే, మేమూ చేశాం. నాన్నకు నేను నిజంగా చూపించాలనుకున్నది మాత్రం ఇది. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లు బాగుచేస్తూ మమ్మల్ని చదివించారు. లేలాండ్ బండి శబ్దం వింటే చాలు, ఏ సిలిండర్ సరిగా కొట్టడం లేదో చెప్పేవారు. అలాంటి మనిషి టాప్ ఫ్యూయల్ ఇంజిన్‌ను కళ్లారా చూడకుండా తిరుగు విమానం ఎక్కకూడదని నా పట్టుదల.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. డ్రాగ్ రేస్ అంటే రెండు బళ్లు, తిన్నని ట్రాక్, ముందు గీత దాటినవాళ్లది గెలుపు. ఓడినవాళ్లు సామాను సర్దుకోవాల్సిందే. అన్నిటికన్నా పైక్లాసు టాప్ ఫ్యూయల్. నిలబడ్డ చోటు నుంచి 1,000 అడుగులు నాలుగు సెకన్ల లోపే దాటేస్తుంది. గీత దాటేసరికి వేగం గంటకు 330 మైళ్లు, మన లెక్కలో 530 కిలోమీటర్లు. పూర్వం ఇవి కూడా పావు మైలు, అంటే 1,320 అడుగులు పరిగెత్తేవి. 2008లో న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో స్కాట్ కలిట్టా అనే డ్రైవర్ ప్రమాదంలో చనిపోయాక టాప్ ఫ్యూయల్‌కీ, అదే ఇంధనంతో నడిచే ఫన్నీ కార్లు అనే క్లాసుకీ దూరం తగ్గించారు. పెట్రోలుతో నడిచే ప్రో స్టాక్ క్లాసు వాళ్లకు ఇప్పటికీ పావు మైలే.

మా బావమరిది డాలస్ నుంచి ఫోన్ చేసి, "నాలుగు సెకన్ల రేస్‌కి అన్ని రోజులెందుకు బావా? ఫైనల్స్ రోజు వెళ్లి చూసి వచ్చేయొచ్చుగా" అన్నాడు. మామూలుగా అందరికీ వచ్చే ఆలోచనే. కానీ నా లెక్క వేరు. మెకానిక్‌ను తీసుకెళ్లేవాడు ఫైనల్స్‌ను బట్టి కాదు, పిట్స్‌ను, అంటే టీమ్‌లు బళ్లు విప్పి బిగించే చోటును బట్టి ప్లాన్ చేసుకోవాలి. ట్రాక్ మీద జరిగేది నాలుగు సెకన్లు. దాని వెనక జరిగే పని గంటలకు గంటలు, అదంతా మన కళ్లెదుటే జరుగుతుంది. ఈ పోటీలు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ రేసుల గొప్పతనం అక్కడే ఉంది. ఏ టికెట్ కొన్నా పిట్స్‌లోకి వెళ్లనిస్తారు. తాడు ఇవతల నిలబడి, కొన్ని అడుగుల దూరంలో ఇంజిన్ విప్పడం చూడొచ్చు. ఇంకే పెద్ద మోటార్ రేస్‌లోనైనా మామూలు టికెట్ కొన్నవాడికి ఇంత దగ్గరగా వెళ్లే అవకాశం దొరుకుతుందా?

ప్రతి పరుగు తర్వాతా బండిని పిట్‌కి లాక్కొచ్చి ఇంజిన్ పూర్తిగా విప్పేస్తారు. సూపర్‌చార్జర్ ఎత్తేస్తారు, హెడ్లు దించుతారు, కింద ఆయిల్ పాన్ తీసి బేరింగులు చూస్తారు, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు లాగుతారు, క్లచ్ ప్లేట్లు మారుస్తారు, ఆయిల్ మొత్తం కొత్తది పోస్తారు. అంతా బిగించి స్టార్ట్ చేసి చూసుకుని మళ్లీ లైన్లో పెడతారు. ఎలిమినేషన్ల రోజు, అంటే ఓడినవాళ్లు తప్పుకుంటూ పోయే చివరి రోజు ఇదంతా గంటా గంటంబావులో అయిపోవాలి. ఒక వీడియో చూపించి ఇది చెబితే నాన్న నమ్మలేదు.

"హెడ్లు దించి, పిస్టన్లు మార్చి, గంటలో స్టార్ట్ చేస్తారా? వాల్వు సెట్టింగ్ ఎప్పుడు చేస్తార్రా?"

"అది కూడా ఆ గంటలోనే నాన్నా."

"ఎంతమంది ఉంటారు?"

"పది మంది దాకా."

కాసేపు ఆలోచించి, "ఒక్కొక్కడికి ఒక్కో పని అప్పజెబితే అవుద్ది" అన్నారు. ఆ తర్వాత ఆ వీడియోను ఆయన ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశారో.

ఇంజిన్ సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖం చూడాలి. 500 క్యూబిక్ అంగుళాలు, అంటే 8.2 లీటర్ల వీ8. మూలం క్రైస్లర్ కంపెనీ పాత హెమీ ఇంజిన్ డిజైనే. సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు. గేర్‌బాక్స్ లేదు. అన్నిటికన్నా ఆయన్ని కలవరపెట్టింది రేడియేటర్ లేకపోవడం. బ్లాకులో నీళ్లు తిరిగే దారే ఉండదు. "నీళ్లు లేకపోతే పట్టేస్తుంది కదరా" అన్నారు. నడిచేది కాసేపే, పైగా అందులో పోసే ఇంధనమే చల్లబరుస్తుందని చెప్పాను. అందులో నైట్రోమీథేన్ అనే రసాయనం, పొట్టిగా నైట్రో, 90 శాతం దాకా కలుపుతారు. దానిలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి గాలి తక్కువ చాలు. ఒక కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, నైట్రోకి 1.7 కిలోలు సరిపోతుంది. అంటే అదే గాలితో ఎనిమిది రెట్లకు పైగా ఇంధనం కాల్చొచ్చు. 11,000 హార్స్‌పవర్ దాటే బలం అక్కడి నుంచి వస్తుంది. పరుగు సగం అయ్యేసరికి స్పార్క్ ప్లగ్గుల కొనలు కరిగిపోతాయి. అక్కడి నుంచి లోపలి వేడికీ ఒత్తిడికీ ఇంధనం దానంతటదే అంటుకుంటూ ఉంటుంది. "ఐతే చివరికి మన డీజిల్ ఇంజినే అయింది" అన్నారు నాన్న. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఇక రోజుల సంగతి. బుధ, గురువారాల నుంచే స్పోర్ట్స్‌మన్ క్లాసులు మొదలవుతాయి. అంటే సొంత డబ్బుతో, ఇంట్లోవాళ్ల సాయంతో పరిగెత్తేవాళ్లు. నైట్రో బళ్ల (టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్లు) మొదటి క్వాలిఫయింగ్ మామూలుగా శుక్రవారం సాయంత్రం. శని, ఆదివారాల్లో మిగతా క్వాలిఫయింగ్ సెషన్లు. ఒక్కో క్లాసులో అందరిలోకి వేగంగా వెళ్లిన 16 మంది లేబర్ డే సోమవారం నాడు జతలుగా పోటీ పడతారు, నాలుగు రౌండ్లు గెలిచినవాడికి టైటిల్. వేళలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు నిర్వాహకుల షెడ్యూల్ చూసుకోవాలి.

వీటిలో నేను ఏది పోయినా వదలనిది శుక్రవారం సాయంత్రం సెషన్. ఎండ తగ్గి గాలి చల్లబడితే దాని సాంద్రత పెరుగుతుంది, ఇంజిన్‌కి బలం వస్తుంది. ట్రాక్ వేడి తగ్గి టైర్లకు పట్టు దొరుకుతుంది. అందుకే చాలా రేసుల్లో వీకెండ్ మొత్తానికి మంచి టైములు శుక్రవారం రాత్రే పడతాయి. పగలు సరిగా కనిపించని ఎగ్జాస్ట్ మంటలు చీకట్లో బండి తల మీదుగా ఎగుస్తూ కనిపిస్తాయి. పైగా సోమవారం వచ్చేంత జనం ఉండరు. మా అమ్మాయి స్కూలుకు శుక్రవారం సెలవు పెట్టిస్తున్నాను. మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు, తాతయ్యతో వెళ్లే రేస్ అని పిల్లే ఒప్పించింది.

శనివారం పూర్తిగా పిట్స్‌కే. రెండు సెషన్ల మధ్య గంటల కొద్దీ టైము ఉంటుంది కాబట్టి పని మొత్తం మొదటి నుంచి చివరిదాకా చూడొచ్చు. నా పద్ధతి ఏమిటంటే, ఒక్క టీమ్‌ను ఎంచుకుని దాన్నే పట్టుకుని ఉండాలి. వాళ్ల బండి పరుగు అవగానే గ్యాలరీ దిగి, అది పిట్‌కి వచ్చేలోపే తాడు దగ్గర చోటు సంపాదించాలి. విప్పడం, చూడడం, బిగించడం, ఆఖరున వార్మప్, అన్నీ అక్కడే నిలబడి చూడాలి. పది టీమ్‌ల దగ్గర పది నిమిషాలు చొప్పున తిరిగితే ఏదీ పూర్తిగా కనబడదు. వార్మప్ అప్పుడు మాత్రం గాలి ఎటు నుంచి వీస్తుందో చూసుకుని నిలబడాలి. నైట్రో పొగ తగిలితే కళ్లు మండి నీళ్లు ధారగా కారతాయి, గొంతు పట్టేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ కాసేపూ దూరంగా ఉండాలి. సరదాకి చెబుతున్న మాట కాదిది.

చెవుల విషయంలో నేను ఎవరి మాటా వినను. నైట్రో బండి శబ్దం 150 డెసిబెల్స్ దాకా ఉంటుందని చెబుతారు. వర్క్‌షాప్‌లో అన్నేళ్లు గడిపిన నాన్నకు ఇప్పటికే కుడి చెవి సరిగా వినబడదు. ఉన్న వినికిడి పోగొట్టి పంపే హక్కు నాకు లేదు. అందుకే లోపల ఫోమ్ ప్లగ్గులు, పైన ఇయర్‌మఫ్స్, రెండూ పెట్టుకుంటాం. రెండూ కలిస్తే రక్షణ రెట్టింపు కాదు. ఎక్కువ రేటింగ్ ఉన్న దానికి ఇంకో ఐదు డెసిబెల్స్ తోడవుతుంది, అంతే. ఆ శబ్దం ముందు ఆ ఐదూ విలువైనవే. ఫోమ్ ప్లగ్ ఎలా పెట్టుకోవాలో ఇంట్లోనే నేర్పిస్తున్నాను. సన్నగా నలిపి, చెవిని పైకి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బే వరకూ వేలితో పట్టుకోవాలి. ముందు అమ్మాయికి వచ్చింది, ఇప్పుడు అదే తాతయ్యకు నేర్పుతోంది.

సీట్లు స్టార్ట్ లైన్‌కి అతుక్కుని కాకుండా, కాస్త ముందుకు, పై వరుసల్లో తీసుకున్నాను. అక్కడి నుంచి చెట్టూ కనిపిస్తుంది, బళ్లు చివరిదాకా వెళ్లడమూ కనిపిస్తుంది. చెట్టంటే క్రిస్మస్ ట్రీ, స్టార్టింగ్ లైట్ల స్తంభం. 1963లో జెండా ఊపే మనిషి స్థానంలో వచ్చింది. ప్రొఫెషనల్ క్లాసులకు పసుపు లైట్లు మూడూ ఒకేసారి వెలిగి, 0.4 సెకన్లకు పచ్చది వస్తుంది. తొందరపడి కదిలితే ఎర్రలైటు, ఆట అయిపోయినట్టే. తక్కువ టైములో పరిగెత్తిన బండి కూడా డ్రైవర్ ఆలస్యంగా కదిలితే ఓడిపోతుంది. మా అమ్మాయికి ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ప్రో స్టాక్‌లో ఆరు సీజన్ టైటిల్స్ గెలిచిన ఎరికా ఎండర్స్ దాని అభిమాన డ్రైవర్. టాప్ ఫ్యూయల్‌లో 1977, 1980, 1982 సీజన్ టైటిల్స్ షర్లీ మల్డౌనీవని, ఆమె 1982లో ఇదే ఇండీలో గెలిచిందని తాతయ్యకు చెప్పింది కూడా అదే.

వర్షం గురించి టెన్షన్ ఉంది. తడి ట్రాక్ మీద ఈ బళ్లు నడవవు. చినుకు పడితే ఆపేసి, ఆరబెట్టి, టైర్ల పట్టు కోసం ట్రాక్ మీద ఉండే జిగురు మళ్లీ పట్టేదాకా గంటలు పడుతుంది. మొట్టమొదటి నేషనల్స్ 1955లో కాన్సస్ రాష్ట్రం గ్రేట్ బెండ్‌లో జరిగితే, వాన వల్ల ముగింపు రౌండ్లు కొన్ని వారాల తర్వాత ఫీనిక్స్‌లో పెట్టాల్సి వచ్చింది. అందుకే ఒక్కరోజు టికెట్ కొనుక్కుని ఎంతో దూరం నుంచి వెళ్లేవాళ్లంటే నాకు భయం. మధ్యలో ఒక రోజు ఖాళీగా ఉంచుకుంటే వాన వచ్చినా ప్లాన్ నిలబడుతుంది.

మా ఖాళీ రోజు ఆదివారం. ఇండియానాపోలిస్ చిల్డ్రన్స్ మ్యూజియం ప్రపంచంలోకెల్లా పెద్దదంటారు, మా బాబు దాని కోసమే వస్తున్నాడు. అమ్మకు గుడికి వెళ్లాలని ఉంది. ఆవిడ రేస్ దగ్గరికి రానని ముందే చెప్పేసింది. "ఆయన ఇంజిన్ల మోత నలభై ఏళ్లు విన్నాను, చాలు" అంది. గురువారం సాయంత్రం బయల్దేరి ఐ-70 మీద పడమటికి వెళ్తే మూడు గంటల ప్రయాణం. రెండు చోట్లా టైము ఒకటే, గడియారం మార్చక్కర్లేదు. ట్రాక్ ఊరికి పడమర వైపు బ్రౌన్స్‌బర్గ్ దగ్గర ఉంది. హోటల్ మాత్రం ప్లెయిన్‌ఫీల్డ్ వైపు, వంటిల్లు ఉన్నది తీసుకున్నాం. లేబర్ డేకి అక్కడ గదులు త్వరగా నిండిపోతాయి, వెళ్లాలనుకునేవాళ్లు ముందు గది చూసుకుని తర్వాత టికెట్లు కొనండి. నాన్న బీపీ మాత్రలు, టోపీ, నీళ్లు నా సంచిలో ఉంటాయి. సెప్టెంబర్ మొదట్లో అక్కడ ఎండా ఉక్కపోతా రెండూ ఉంటాయి.

సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చేద్దామనేది నా మొదటి ఆలోచన. మొన్న భోజనాల దగ్గర ఆ మాట అంటే నాన్న తల ఎత్తి, "రెండు రోజులు వాళ్లు విప్పి బిగించడం చూసి, ఆ బండి గెలిచిందో లేదో చూడకుండా వచ్చేద్దామంటావా?" అని అడిగారు. సోమవారం టికెట్లు కూడా కొనేశాను. మంగళవారం మధ్యాహ్నం నుంచి పనిలోకి వస్తానని మేనేజర్‌కి చెప్పాను.