పైకెళ్లాక బంతి ఆగుతుందా మామయ్యా?

నిన్న కావలిలో అక్కావాళ్లింట్లో కరెంటు పోయి డాబా మీద కూర్చుంటే, ఇంటర్ ఫస్టియర్ చదివే మేనకోడలు ఫిజిక్స్ నోట్సు తెచ్చి ఒళ్లో పడేసి ఫోన్ లైటు వేసింది. నేల మీద నుంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో 30 డిగ్రీల కోణంలో బంతి విసిరితే ఎంత దూరంలో పడుతుంది, ఇదీ లెక్క. ఫార్ములా గుర్తు రాక ఏడుపు మొహం పెట్టింది, నిజం చెప్పాలంటే నాకూ గుర్తు లేదు. సరే అని వేగాన్ని రెండు ముక్కలు చేశాం, పైకి 10, ముందుకు 17.3. జీ, అంటే భూమి కిందికి లాగడం వల్ల సెకను సెకనుకీ వేగం మారే లెక్క (త్వరణం), 10 అనుకుంటే ఎక్కడానికి ఒక సెకను, దిగడానికి ఇంకో సెకను, ఆ 2 సెకన్లలో ముందుకు 34.6 మీటర్లు. అంతే! ఫార్ములా ఎందుకసలు?

"పైన ఆగిపోతుంది కదా మామయ్యా, అక్కడ త్వరణం సున్నానే కదా?"

నేనూ అప్పట్లో ఇదే రాసి మార్కులు పోగొట్టుకున్నా. పైకి పోయే వేగమే సున్నా అమ్మా, ముందుకెళ్లే 17.3 అలాగే ఉంటుంది, కిందికి లాగే ఆ 10 ఒక్క క్షణం కూడా సెలవు పెట్టదు అన్నా.

తర్వాత 60 డిగ్రీలు వేసి చూస్తే మళ్లీ అదే 34.6! తప్పు చేశానేమో అని కొట్టేసి మూడుసార్లు చేసింది పిచ్చిపిల్ల. ఎత్తు మాత్రం 5 మీటర్లు కాస్తా 15 అయింది. బంతికి గాలి అడ్డుపడే మాట నేను ఎత్తలేదు, ఎత్తితే తెల్లారేదాకా డాబా మీదే.