జులైలో చూసిన ఎల్క్ సెప్టెంబరులో అక్కడే ఉంటుందా?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఎల్క్ అనే పెద్ద జింకల విల్లు వేట సెప్టెంబరు మొదట్లో మొదలవుతుంది. అడవిని చదువుకోవాల్సింది మాత్రం జులై, ఆగస్టుల్లోనే.

నేషనల్ ఫారెస్ట్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ అడవిలో, చాలాచోట్ల డబ్బు కట్టకుండానే గుడారం వేసుకోవచ్చు, సాధారణంగా 14 రోజుల వరకు. బండి ఏ దారిలో వెళ్లొచ్చో చూపే ఫారెస్ట్ సర్వీస్ మ్యాపు ఉచితం. లోపల సిగ్నల్ ఉండదు, ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. గుడారానికీ నీటికీ మధ్య కనీసం 200 అడుగులు, అంటే దాదాపు 70 అంగలు వదలాలి.

మంద మేసే పచ్చిక పక్కనే దిగడం పెద్ద పొరపాటు. పొద్దు వాలి కొండ చల్లబడగానే గాలి కిందికి జారుతుంది, మన వాసన లోయంతా పాకుతుంది. ఎదుటి గట్టు మీద కూర్చుని, తెల్లవారిన మొదటి గంట బైనాక్యులర్స్‌తో వెతకడమే మేలు.

ఎల్క్ పొర్లిన బురదగుంట దొరికితే వంగి చూడండి. నీళ్లు ఇంకా కలకగా ఉన్నాయా? గిట్టల అచ్చుల అంచులు ఎండకుండా పదునుగా ఉన్నాయా? బురదలో వెంట్రుకలు అతుక్కున్నాయా? ఉంటే ఆ చోటు మ్యాపులో గుర్తుపెట్టుకోండి.

జులైలో మగవాటి కొమ్ముల మీద మఖమల్ లాంటి చర్మం ఉంటుంది, గుంపుగా తిరుగుతాయి. ఆగస్టు చివరికి ఆ పొర రాలి, గుంపు విడిపోయి, మగవి ఆడవాటి వైపు కదులుతాయి. అందుకే నా లెక్కలో ఆడవాటి జాడకే విలువెక్కువ.

మధ్యాహ్నంలోపు చెట్లు లేని శిఖరాలు దిగిపోండి, పిడుగులు పడతాయి. తాగే వాగు నీళ్లు 6,500 అడుగుల ఎత్తు పైన 3 నిమిషాలు మరగాలి. నిప్పు మీద నిషేధం ఉందేమో బయల్దేరే రోజే కనుక్కోండి.