గప్పీలకు నట్టల మందు

గప్పీ అనే చిన్న అక్వేరియం చేప కదలకుండా నిలబడినప్పుడే ఈ నట్టలు కనిపిస్తాయి. మలద్వారం దగ్గర ఎర్ర దారప్పోగుల్లాంటి కొసలు రెండు మూడు బయటికి ఉంటాయి. చేప కాస్త కదిలితే లోపలికి పోతాయి. మా అక్వేరియంలో ముందు ఒక ఆడ గప్పీకి చూశాను, ఆ తర్వాత సగం వాటికి. తిండి మానలేదు గానీ పొట్ట లోపలికి పోయి వీపు వంగిపోతోంది.

చేపలు కొన్న షాపులో నీలం మందు, రాళ్ళుప్పు చేతిలో పెట్టారు. ఏ జబ్బని చెప్పినా వాళ్ళిచ్చేది అవే. పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగే పురుగుకి ఉప్పు నీళ్ళతో ఏమవుతుంది? దీని పేరు కమల్లానస్. ప్రాజిక్వాంటెల్ అనే మందు బద్దెపురుగులకు, మొప్పల మీద ఉండే ఫ్లూకులనే పురుగులకు వాడేది, దీని మీద పనిచెయ్యదు. కావలసింది లెవమిసోల్. మన ఊళ్ళలో గొర్రెలకి, కోళ్ళకి వాడే నట్టల మందు.

వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా వెళ్ళి ఒక పశువుల మందుల షాపులో అడిగాను.

"చేపలకి నట్టల మందేటి బాబూ! గొర్రెలెన్నున్నాయో చెప్పు, ఇచ్చేస్తాను" అన్నాడాయన.

ముందు ఇచ్చిన సీసా మీద లెవమిసోల్‌తో పాటు ఆక్సిక్లోజనైడ్ అనే ఇంకో మందు కూడా ఉంది. వద్దన్నాను. లెవమిసోల్ ఒక్కటే ఉన్న కోళ్ళ పొడి దొరికింది, 30 శాతం.

అసలు టెన్షన్ తూకం దగ్గరే. లీటరు నీళ్ళకి 2 మిల్లీగ్రాముల మందు పడాలి. మా తొట్టిలో నీళ్ళు 50 లీటర్లు, అంటే 100 మిల్లీగ్రాములు. పొడిలో మందు 30 శాతమే కాబట్టి గ్రాములో మూడో వంతు పొడి వెయ్యాలి. చెంచాతో తేలే లెక్క కాదు. మా వీధి కంసాలి గారు నవ్వుకుంటూనే తన కాటా మీద తూచి పొట్లం కట్టిచ్చారు.

ఫిల్టర్లోంచి బొగ్గు తీసేశాను, లేకపోతే మందునంతా అదే పీల్చేసుకుంటుంది. లైటు ఆపి, గాలి పంపు పెంచి, మగ్గులో కలిపిన పొడిని నెమ్మదిగా పోశాను. ఎర్ర కొసలున్న వాటినే వేరు చేసి మందు వేస్తే లాభం లేదు. బాగున్నట్టు కనిపించే వాటి కడుపులోనూ ఉంటాయి.

ఈ మందు పురుగుకి పక్షవాతం తెప్పిస్తుంది, దాంతో పురుగు పట్టు వదిలేస్తుంది, చేప దాన్ని విసర్జిస్తుంది. చచ్చిందని నమ్మడానికి లేదు. అందుకే 24 గంటల తర్వాత సన్న పైపుతో అడుగంతా లాగాను. బకెట్లో వెంట్రుకల్లాంటి ఎర్ర పురుగులు కనిపించాయి, చూడ్డానికే ఒళ్ళు జలదరించింది. క్లోరిన్ పోవడానికి ముందురోజే పట్టి ఉంచిన కుళాయి నీళ్ళతో చాలా భాగం మార్చాను.

బాగా చిక్కిపోయినవి దక్కలేదు. ఈ పురుగు నేరుగా పిల్లల్నే వదులుతుంది, అడుగున పడ్డ వాటిని చేపలు మళ్ళీ తింటాయి. కాబట్టి రెండు మూడు వారాలకు ఇంకో విడత తప్పదు. అలాగే రెండో విడత వేసి పైపుతో లాగితే మట్టి తప్ప ఏమీ రాలేదు. కడుపుతో ఉన్న గప్పీ మందు నీళ్ళలోనే పిల్లల్ని పెట్టింది, అవి బాగానే ఈదుతున్నాయి.

పొడి ఇంకా బోలెడు మిగిలింది. వైజాగ్‌లో ఎవరికైనా కావాలంటే ఇస్తాను, కాటా మాత్రం మీరే చూసుకోవాలి.