హెచ్చరిక వచ్చింది, ఆ తర్వాత ఏమైంది?

2008 నవంబరు 26 రాత్రి మొదలుపెట్టి మూడు రోజులు టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. ముంబై తాజ్ హోటల్ పైన పొగ, బయట కెమెరాలు, కమాండోలు ఎటు కదులుతున్నారో క్షణం క్షణం లైవ్. పాకిస్తాన్‌లో కూర్చుని ఈ దాడి నడిపిస్తున్నవాళ్లు కూడా మనం చూస్తున్న బొమ్మలే చూస్తూ, హోటల్ లోపలున్న తమ మనుషులకు ఫోన్‌లో సూచనలిచ్చారని తర్వాత తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ విషయంలో ఛానెళ్లను గట్టిగానే తప్పుపట్టింది. అప్పటి నుంచి ఎక్కడ ఉగ్రదాడి జరిగినా నా మనసులోకి మొదట వచ్చేది ఒకటే: ముందే ఎవరికి తెలుసు? తెలిసినవాళ్లు ఎవరికి చెప్పారు? విన్నవాళ్లు ఏం చేశారు?

ఎందుకంటే చాలాసార్లు ఎవరికో ఒకరికి ఎంతో కొంత తెలిసే ఉంటుంది. ముంబైకి సముద్రం వైపు నుంచి ముప్పు ఉందని, పెద్ద హోటళ్ల మీద కన్నుందని నిఘా సంస్థలు ఆ దాడికి ముందే హెచ్చరించాయి. అయినా పదిమంది కరాచీ నుంచి బయల్దేరి, నడి సముద్రంలో కుబేర్ అనే చేపల పడవను చేజిక్కించుకుని, చివర్లో రబ్బరు పడవలో వచ్చి ఊళ్లోకి నడిచిపోయారు. 166 మంది ప్రాణాలు పోయాయి. ఎన్‌ఎస్‌జీ అనే కేంద్ర ప్రత్యేక దళం కమాండోలు అప్పట్లో ఉండేది ఢిల్లీ దగ్గర మానేసర్‌లో, వాళ్లను తీసుకెళ్లాల్సిన విమానమేమో చండీగఢ్‌లో, ఇదంతా సర్దుకుని వాళ్లు హోటళ్లలోకి అడుగుపెట్టేసరికి తెల్లారిపోయింది. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. 9/11 హైజాకర్లలో ఇద్దరి గురించి అమెరికా విదేశీ నిఘా సంస్థ సీఐఏకి 2000 జనవరి నుంచే తెలుసు, కానీ వాళ్లు అమెరికాలోనే ఉన్నారని దేశం లోపల దర్యాప్తు చేసే ఎఫ్‌బీఐ వెతకడం మొదలుపెట్టింది 2001 ఆగస్టు చివర్లో. అప్పటికి రెండు వారాలే మిగిలాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది పఠాన్‌కోట్ ఎయిర్‌బేస్ మీద దాడి. ముంబై తర్వాత అన్నీ సరిచేశామని చెప్పుకున్నాక జరిగింది కాబట్టి. 2015 డిసెంబరు 31 రాత్రి పంజాబ్‌లో ఒక పోలీసు ఎస్పీ కారునే ఉగ్రవాదులు ఎత్తుకుపోయారు. ఆయన్ను దారిలో వదిలేశారు, ఆయన తెల్లవారుజామున ఫోన్ చేసి విషయం చెప్పాడు. ఇంతకంటే స్పష్టమైన హెచ్చరిక ఇంకేం ఉంటుంది? కానీ మొదట ఆయన మాట నమ్మాలా వద్దా అన్న దగ్గరే విలువైన గంటలు పోయాయి. ఆ తర్వాత అప్రమత్తం చేశారు, ఎన్‌ఎస్‌జీని పంపారు, ఎయిర్‌బేస్ మీదే దాడి జరగొచ్చని ఊహించారు కూడా. అయినా జనవరి 2 తెల్లవారకముందే లోపల కాల్పులు మొదలయ్యాయి, ఏడుగురు భద్రతా సిబ్బందిని పోగొట్టుకున్నాం. దాదాపు ఒక రోజు టైమ్ ఉంది మన చేతిలో. ఒక రోజు!

సమాచారం పంచుకోవడానికి ఏర్పాట్లే లేవా అంటే, ఉన్నాయి. కార్గిల్ తర్వాత 2001లో కేంద్ర నిఘా సంస్థ ఐబీ కింద మ్యాక్ అనే కేంద్రం పెట్టారు, అన్ని సంస్థల సమాచారం ఒకచోటికి చేరాలని. ముంబై తర్వాత దాన్ని బలపరిచారు, ఉగ్రవాద కేసుల దర్యాప్తుకు ఎన్‌ఐఏ పుట్టింది, ఎన్‌ఎస్‌జీకి ముంబై, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్‌లలో స్థావరాలు వచ్చాయి. ఇవి మంచి పనులే. 2012లో ఎన్‌సీటీసీ అని ఉగ్రవాద నిరోధానికి ఇంకో జాతీయ కేంద్రం తెద్దామనుకున్నారు కానీ ఐబీ చేతికి అరెస్టు చేసే అధికారం ఇవ్వడమేంటని వేర్వేరు పార్టీల ముఖ్యమంత్రులు అడ్డం తిరిగారు, అది అక్కడే ఆగిపోయింది. రాజ్యాంగం ప్రకారం పోలీసు రాష్ట్రాల సబ్జెక్టు కాబట్టి వాళ్ల అభ్యంతరాన్ని రాజకీయమని కొట్టిపారేయలేను. రాష్ట్రాలను పక్కన కూర్చోబెట్టుకోకుండా ఢిల్లీలో ఎంత పెద్ద ఆఫీసు కట్టినా, కింద ఠాణాలో ఉన్న ఎస్సైకి ఆ ఆఫీసు ఉందన్న సంగతే పట్టదు.

ప్రభుత్వాలకు సులువుగా చేతనయ్యేది చట్టాన్ని బిగించడం. టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం తెచ్చారు, దుర్వినియోగం అవుతోందని గొడవ లేచి 1995లో పోయింది. 2002లో పోటా, 2004లో రద్దు. దాని పదును చాలావరకు ఉపా (యూఏపీఏ) చట్టంలోకి వచ్చి చేరింది. చార్జిషీటుకు 180 రోజుల దాకా టైమ్, బెయిల్ దొరకడం మహా కష్టం, 2019 సవరణతో సంస్థలనే కాదు, ఒక వ్యక్తిని కూడా ఉగ్రవాదిగా ప్రకటించొచ్చు. సాక్షులు భయపడతారు, కుట్ర సరిహద్దు అవతల జరుగుతుంది, మామూలు కేసులా నడపలేం అన్న మాటలో నిజముందని ఒప్పుకుంటాను. కానీ చట్టం పని మొదలయ్యేది మనిషిని పట్టుకున్నాక. దాడికి ముందు ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి కదా, దానికి ఏ సెక్షనూ పనికిరాదు.

ఆ చెప్పేవాళ్లను మనమే ఎలా దూరం చేసుకుంటామో హైదరాబాద్ మక్కా మసీదు కేసు చూపిస్తుంది. 2007 మే 18, శుక్రవారం ప్రార్థనల వేళ బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాతి గొడవల్లో పోలీసు కాల్పుల్లో ఇంకొంతమంది చనిపోయారు. వెంటనే చుట్టుపక్కల ముస్లిం కుర్రాళ్లను పట్టుకెళ్లారు. నెలల తరబడి జైల్లో ఉన్నాక కోర్టు వాళ్లను నిర్దోషులంది, రాష్ట్ర ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. తర్వాత కేసు సీబీఐకి, అక్కడి నుంచి ఎన్‌ఐఏకి మారి, అనుమానం ఇంకో వైపు, హిందూత్వ గుంపు వైపు తిరిగింది. 2018 ఏప్రిల్‌లో విచారణ ఎదుర్కొన్న ఆ ఐదుగురినీ కోర్టు వదిలేసింది. అంటే పదకొండేళ్లు గడిచాక ఆ తొమ్మిది కుటుంబాలకు ఎవరు చంపారో చెప్పే తీర్పు ఒక్కటీ లేదు. మొదట పట్టుకెళ్లిన కుర్రాళ్లకు పోయిన చదువులు, పోయిన ఉద్యోగాలు వెనక్కి రాలేదు. వాళ్లు ఏ మతం వాళ్లన్నది పక్కన పెట్టండి. రేపు ఆ వీధిలో అద్దెకు దిగిన కొత్త మనిషి మీద ఎవరికైనా అనుమానం వస్తే స్టేషన్‌కి వెళ్లి చెప్తారా? చెప్తే తననే లోపలేస్తారేమోనన్న టెన్షన్ ఉండదా? నేనైతే వాళ్లను తప్పుపట్టలేను.

అందుకే ఉగ్రవాదం మీద పోరు అనగానే టీవీలో కమాండోలను చూపిస్తుంటే నాకు బీట్ కానిస్టేబుల్ గుర్తొస్తాడు. కమాండోలు కావాలి, గ్రేహౌండ్స్, ఆక్టోపస్ లాంటివి కావాలి, కాదనను. కానీ ఘటనా స్థలానికి మొదట చేరేది స్థానిక పోలీసే, వీధిలో ఏదో తేడాగా ఉందని మొదట పసిగట్టాల్సింది కూడా ఆయనే. ఖాళీలు నింపకుండా ఉన్నవాళ్లనేమో బందోబస్తు డ్యూటీలకు తిప్పుతూ, కాల్పులు ప్రాక్టీస్ చేయడానికి సరిపడా తూటాలు ఇవ్వకుండా, ఫోరెన్సిక్ రిపోర్టు కోసం నెలలు ఎదురుచూయిస్తూ, దాడి జరిగాక మాత్రం చట్టం ఇంకా కఠినం చేస్తామంటే ఏం లాభం? బడ్జెట్‌లో ఆ డబ్బు కనబడాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ముంబైలో ఆ రాత్రి గిర్‌గావ్ చౌపాటీ దగ్గర ఉగ్రవాదుల కారును పోలీసులు ఆపినప్పుడు తుకారాం ఓంబ్లే చేతిలో లాఠీ ఒక్కటే ఉంది. ఆయన ఏఎస్సై. ఎదురుగా కసబ్, ఏకే-47. ఓంబ్లే తుపాకీ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని, తూటాలు ఒంట్లోకి దిగుతున్నా వదల్లేదు, ఆ లోపు మిగతా పోలీసులు కసబ్ మీద పడ్డారు. పదిమందిలో ప్రాణాలతో దొరికింది వాడొక్కడే. వాడు దొరకబట్టే ఎక్కడ శిక్షణ తీసుకున్నారు, ఎవరు పంపారు, ఏ పడవలో వచ్చారు అన్నవన్నీ కోర్టులో నిలబడ్డాయి.