‘ఓన్లీ’ అనే మాటతో నా ఐఈఎల్టీఎస్ అనుభవం

బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడం కోసం రాసిన ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష ఫలితం నిన్ననే వచ్చింది. అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వినడం, చదవడం, మాట్లాడడంలో 7 బ్యాండ్, రాయడంలో 6.5 బ్యాండ్ అడుగుతుంది. నాకు ఏ విభాగంలోనూ అంతకు తగ్గలేదు. దరఖాస్తు, రుసుము ఆన్‌లైన్‌లోనే పూర్తయ్యాయి. బెంగళూరు వెళ్ళి పరీక్ష రాసి రావడమూ కష్టం కాలేదు. నన్ను బాధపెట్టింది ‘ఓన్లీ’ అనే ఒక చిన్న క్రియావిశేషణం, దాని మూలంగా అనంతపురంలోని ఒక శిక్షణ కేంద్రంలో నాకు జరిగిన అవమానం.

అక్కడ నమూనా స్పీకింగ్ పరీక్షను అందరి ముందూ పెట్టేవారు. దూరం నుంచి వస్తున్నారా అని మాస్టారు ఇంగ్లీషులో అడిగితే, ‘నో సర్, ఐ యామ్ ఫ్రమ్ అనంతపూర్ ఓన్లీ’ అన్నాను. ఆయన అక్కడే ఆపి, నా గొంతును అనుకరిస్తూ ఆ వాక్యాన్ని పదే పదే పలికి, తరగతి మొత్తాన్నీ నవ్వించారు. రాత్రి డ్యూటీ ముగించుకొని, నిద్ర మానుకొని వచ్చి కూర్చున్న నాకు, నాకంటే చిన్నపిల్లలు నవ్వుతుంటే తలెత్తబుద్ధి కాలేదు. అందులో లోపమేమిటని అడిగితే ‘ఇంగ్లీషువాళ్ళు అలా అనరు, ఆ మాట వాడడం మానెయ్యండి’ అన్నారు తప్ప, ఎందుకనరో, ఆ సందర్భంలో ఏమంటారో చెప్పలేదు. ఆయనకే తెలియదని నా నమ్మకం. తెలిసినవారు నవ్వించరు, వివరిస్తారు. డబ్బు ముందుగానే కట్టించుకొని, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పని చోట చదువు రాదని నాకు ఆరోజే అర్థమైంది.

జవాబు నేనే వెతుక్కున్నాను. ‘మాది అనంతపురమే’ అన్నప్పుడు మాట చివర చేరే మన ‘ఏ’ రెండు పనులు చేయగలదు: మిగతా ఊళ్ళను తోసిపుచ్చగలదు, లేదా ఉన్న సంగతిని ఒత్తి చెప్పగలదు. ప్రామాణిక ఆంగ్లంలో ‘ఓన్లీ’ ముఖ్యంగా మొదటి పని చేస్తుంది; రెండో పనికి ఇంగ్లీషువాళ్ళు ఒత్తి చెప్పదలచిన మాటను గొంతుతో నొక్కి పలుకుతారు, లేదా ‘రైట్ హియర్ ఇన్ అనంతపూర్’ అంటారు. హిందీలోని ‘హీ’ కూడా మన ‘ఏ’ లాగే పనిచేస్తుంది కనుక ఈ ‘ఓన్లీ’ ఉత్తరాదిలోనూ వినిపిస్తుంది, భారతీయ ఆంగ్లపు లక్షణంగా భాషాశాస్త్రజ్ఞులు దీన్ని అధ్యయనం చేశారు కూడా. అటువంటి వాడుకను ఒక తెలివితక్కువ అమ్మాయి నోటి దురలవాటుగా చూపించడం అన్యాయం.

మానెయ్యమన్న సలహా వల్ల అసలు నష్టం రీడింగ్‌లో జరుగుతుంది. ఇచ్చిన వాక్యం పాఠం ప్రకారం నిజమా, తప్పా, పాఠంలో ఆ సంగతే లేదా అని తేల్చే ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నల్లో మందు పిల్లలకూ పెద్దలకూ ఇచ్చారని పాఠంలో ఉండి, ‘ఓన్లీ చిల్డ్రన్’ అని ప్రశ్నలో ఉంటే జవాబు ఫాల్స్ అవుతుంది. అరవై నిమిషాల్లో నలభై ప్రశ్నలు చేసే తొందరలో ఆ ఒక్క మాటను దాటేస్తే మార్కు పోతుంది.

వాక్యంలో ‘ఓన్లీ’ స్థానం నాకు పట్టుబడింది మందుచీటీల వల్ల. ‘టేక్ ఓన్లీ వన్ టాబ్లెట్ ఆఫ్టర్ ఫుడ్’ అంటే భోజనం తర్వాత ఒక్క మాత్రే వేసుకోవాలి. ‘టేక్ వన్ టాబ్లెట్ ఓన్లీ ఆఫ్టర్ ఫుడ్’ అంటే భోజనం తర్వాతే వేసుకోవాలి, ఖాళీ కడుపున కూడదు. తెలుగులో ‘ఏ’ తనకు కావలసిన మాటకే అతుక్కుంటుంది కనుక సందేహం రాదు. ఆంగ్లంలో రాసేటప్పుడు ‘ఓన్లీ’ని ఆ మాటకు సరిగ్గా ముందు ఉంచితే అంత స్పష్టతా వస్తుంది. మాట్లాడేటప్పుడు మాత్రం వారు దాన్ని సాధారణంగా క్రియకు ముందు పెట్టి, ఉద్దేశించిన మాటను నొక్కి పలుకుతారు. ‘ఐ ఓన్లీ వర్క్ నైట్స్’ అంటే రాత్రిళ్ళే పనిచేస్తాననే అర్థం. ఇక ‘ఓన్లీ దెన్’ అని వాక్యం మొదలుపెడితే తర్వాత ‘ఐ అండర్‌స్టుడ్’ అనకూడదు, ‘డిడ్ ఐ అండర్‌స్టాండ్’ అనాలి. ఈ వాక్యనిర్మాణాన్ని నేను రైటింగ్ రెండో వ్యాసంలో ధైర్యంగా వాడాను.

మా జిల్లా నుంచి రాయబోయే చెల్లెళ్ళకు నేను చెప్పేదేమిటంటే, శిక్షణ కేంద్రానికి కట్టే డబ్బుతో కేంబ్రిడ్జ్ వారి పాత ప్రశ్నపత్రాల పుస్తకాలు కొనుక్కోండి; ‘ఓన్లీ’ కనిపించిన ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పుకొని, ‘ఏ’ ఏ మాటకు తగులుతుందో చూసుకోండి. అసలు స్పీకింగ్ పరీక్ష పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలే ఉంటుంది. నా పరీక్షాధికారి ఒక్కసారి కూడా నవ్వలేదు, నేను చెప్పింది చివరిదాకా విన్నారు. ఫలితం రెండేళ్ళు చెల్లుతుంది కనుక, ఆ గడువులోగా మిగతా పత్రాలన్నీ కౌన్సిల్‌కు పంపే పనిలో ఉన్నాను.